చెరసాల చూచిన న్యాయమూర్తి

రాజకీయాలలో తిరిగిన వ్యక్తి న్యాయపీఠం ఎక్కవచ్చునా? ఈ ప్రశ్న మన దేశంలో తరచుగా వినవచ్చేదే. దీనికి సమాధానం వెదకేవారు వి. ఆర్. కృష్ణ అయ్యర్ గారి జీవితాన్ని ఒకసారి పరిశీలించవలెనని మా మనవి.

ఉత్తర కేరళలో తెల్లిచేరి అని సముద్రతీరాన ఒక చిన్న పట్టణం ఉన్నది. వకీలైన తండ్రిగారి వద్దనే, 1930ల చివర, కృష్ణ అయ్యర్ గారు అక్కడ వృత్తి ప్రారంభించినారు. రైతుల పక్షాన, కూలీల పక్షాన వాదించేవారు. కమ్యూనిస్టులకు న్యాయసహాయం చేసినారన్న ఆరోపణపై 1948లో సుమారు నెలదినాలు జైలులో ఉన్నారు.

1952లో స్వతంత్ర సభ్యులుగా మద్రాసు శాసనసభకు ఎన్నికైనారు. ఆంధ్రరాష్ట్రం ఏర్పడక పూర్వం మన కోస్తా, రాయలసీమ ప్రతినిధులు కూడ కూర్చున్న సభ అది. 1957లో కేరళలో నంబూద్రిపాద్ గారి మంత్రివర్గంలో న్యాయశాఖతో పాటు జైళ్ల శాఖ కూడ ఆయనకు లభించినది. నిన్నటి ఖైదీ చేతికి చెరసాలల తాళపుచెవులు వచ్చినవి! బీదలకు న్యాయసహాయం కల్పించే నిబంధనలు ఆ కాలంలోనే వెలువడినవి. 1959లో ఆ ప్రభుత్వం రద్దుకాగా, ఆయన మరల నల్లకోటు ధరించినారు.

1968లో కేరళ హైకోర్టుకు, 1973లో సుప్రీంకోర్టుకు న్యాయమూర్తిగా నియమితులైనారు. మాజీ మంత్రికి ఈ పదవి ఏమిటని కొందరు న్యాయవాదులు బహిరంగంగానే ఆక్షేపించినారు. పరీక్షా సమయం 1975 జూన్ 24న వచ్చినది. ఎన్నిక రద్దయిన ఇందిరాగాంధీ గారి అప్పీలు సెలవుల న్యాయమూర్తిగా ఆయన ముందుకే వచ్చినది. ఆమె ప్రధానిగా కొనసాగవచ్చును, లోకసభలో ఓటు మాత్రం వేయరాదు అని ఉత్తరువు ఇచ్చినారు. సంపూర్ణమైన స్టే కోరిన పక్షానికీ, రాజీనామా కోరిన పక్షానికీ తృప్తి కలుగలేదు. మరునాడే అత్యవసర పరిస్థితి ప్రకటితమైనది.

అయితే ఆయన హృదయం తెలిసేది చిన్నవారి వ్యాజ్యాలలోనే. 1974లో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక యువతికి పడిన మరణశిక్షను, ఆమె వయస్సునూ దీనస్థితినీ గమనించి, యావజ్జీవ శిక్షగా మార్చినారు. 1978లో ఒక తాపీమేస్త్రికి క్రింది కోర్టు పదివేల రూపాయల జామీను కోరినది. జామీనుదారు ఆస్తి పరజిల్లాలో ఉన్నదని త్రోసివేసినది. కృష్ణ అయ్యర్ గారు మేస్త్రి స్వంత పూచీ మీద, వెయ్యి రూపాయలకే విడుదల చేయించినారు. తీహారు జైలులో తోటి ఖైదీని హింసించినారని ఒక ఖైదీ వ్రాసిన జాబునే పిటిషనుగా స్వీకరించి, 1979లో తీర్పు చెప్పినారు.

ఆయన తీర్పుల ఇంగ్లీషు కఠినమైనది. న్యాయవాదులే నిఘంటువు తెరువవలసి వచ్చేదని చెప్పుకొనేవారు. ఆ భాష ఏ బీదల కొరకు వ్రాయబడినదో వారికి అందదు. ఈ లోపం ఒప్పుకొనవలసినదే. కాని ఆ తీర్పుల ఫలితం మాత్రం వారికి అందినది.

కృష్ణ అయ్యర్ గారు 1980లో పదవీ విరమణ చేసి, 2014 డిసెంబరు 4న కన్నుమూసినారు. న్యాయమూర్తి తన పక్షాన్ని కోర్టు గుమ్మం వెలుపలనే విడిచి రావలెను. చూచిన కష్టాలను మాత్రం విడువనక్కరలేదు. మొదటి ప్రశ్నకు ఆయన జీవితంలో మాకు కనిపించిన సమాధానం ఇది.