భూగర్భమునకు భాష్యకారులు

చమురు బావి అనగానే మన కన్నుల యెదుట నిలుచునవి ఆకాశమునంటు ఉక్కు చట్రము, మసి బట్టలతో పనిచేయు కూలీలు, తలపై ఇనుప టోపీతో ఇంజనీరు. ఆ చిత్రములో నల్లకోటు వేసికొన్న న్యాయవాదికి మనమెన్నడును చోటీయము. నిజమునకు అతడు యంత్రముకంటె ముందు వచ్చును. బావి ఎండిపోయిన తరువాతను కొన్నేండ్లు అక్కడనే ఉండును. నేల క్రింద ఏమున్నదో ఎవరికిని తెలియని దశలోనే, దొరికినచో ఎవరికెంత, దొరకనిచో నష్టమెవరిది, తగవు వచ్చినచో తీర్పరి ఎవరు అని వ్రాసిపెట్టవలసినవాడు అతడే. వ్రాసినవాడొకడు, ముప్పది యేండ్ల తరువాత దానికి అర్థము చెప్పువాడు మరియొకడు. కావున ఈ వృత్తిలో సగము భాష్యరచన.

ఒక మాట అన్వయము ఎంత దూరము పోగలదో తెలుపుటకు 1952లో హేగ్ నగరమున జరిగిన వ్యవహారమును మించిన ఉదాహరణము నాకు కనబడదు. భాషాపాఠములు చెప్పు ఉపాధ్యాయులకు అది మరింత రుచించును.

1951లో ఇరాన్ ప్రభుత్వము తన చమురు పరిశ్రమను జాతీయము చేసినది. ఆంగ్లో-ఇరానియన్ కంపెనీకి 1933లో అరువది యేండ్లకు ఇచ్చిన హక్కుపత్రము దానితో చెల్లకుండ పోయినది. నాటికి ప్రపంచములో అతి పెద్దదైన అబదాన్ శుద్ధి కర్మాగారము చేజారిపోగా, బ్రిటన్ అంతర్జాతీయ న్యాయస్థానమున దావా వేసినది. అయితే ఒక దేశము ఒప్పుకొన్న మేరకే ఆ న్యాయస్థానము దానిని విచారింపగలదు. ఇరాన్ 1930లో సంతకము చేసి 1932లో ధ్రువపరచిన ప్రకటన యొకటి ఉన్నది. అది ఫ్రెంచి భాషలో ఉన్నది. తాను అంగీకరించిన సంధుల అమలుకు సంబంధించిన పరిస్థితులను, సంఘటనలను గూర్చిన తగవులను విచారింపవచ్చునని చెప్పి, వాక్యము చివర, ప్రకటన ధ్రువపడిన ‘తరువాతివి’ అను అర్థమిచ్చు విశేషణమును తగిలించినది.

తరువాతివి ఏవి? సంధులా, సంఘటనలా?

‘నిరుడు వచ్చిన పంతులుగారి తమ్ముడు’ అన్నప్పుడు వచ్చినది పంతులుగారా, తమ్ముడా అని తరగతిలో పిల్లలు నవ్వుకొందురు. హేగ్‌లో రెండు దేశముల వకీళ్లు దానికి తోబుట్టువైన సందేహము మీదనే పోరాడిరి. విశేషణము సంఘటనలకు అన్వయించునని బ్రిటన్ వాదము. అట్లయిన 1857 నాటి పాత సంధిని పట్టుకొని 1951 నాటి సంఘటనను కోర్టుకు ఈడ్వవచ్చును. సంధులకే అన్వయించునని ఇరాన్ పక్షమున బెల్జియం న్యాయవాది హెన్రీ రోలిన్ వాదించెను. న్యాయస్థానము ఆ విశేషణము సంధుల ప్రక్కనే ఉన్నదని గమనించినది. అంతటితో ఆగక, ఆ ప్రకటనను ఆమోదించుచు ఇరాన్ శాసనసభ పారసీకములో చేసిన చట్టమును తెరచి చూచినది. అందులో సందేహమునకు తావు లేదు: తరువాతివి సంధులే. ఇక 1933 నాటి హక్కుపత్రము కంపెనీతో చేసికొన్న ఒడంబడికయే కాని, రాజ్యముతో చేసికొన్న సంధి కాదు. 1952 జూలై 22న తొమ్మిదిమంది న్యాయమూర్తులు, ఐదుగురు కాదనగా, ఈ తగవు తమ పరిధిలో లేదని తేల్చిరి. ఆ తొమ్మిదిమందిలో బ్రిటిషు న్యాయమూర్తి మెక్నెయిర్ ఒకరు. తన దేశము వేసిన దావాలో తన దేశమునకు ప్రతికూలముగా నిలుచుట సామాన్యమైన ధైర్యము కాదు.

ఇరాన్ ప్రధాని మొసద్దిక్ తానును న్యాయశాస్త్రములో డాక్టరు పట్టము పొందినవాడే. ఈ వాదనకై స్వయముగా హేగ్ వెళ్లెను. వ్యాకరణమున గెలిచిన ఆయన 1953 ఆగస్టులో పదవినుండి త్రోయబడెను. 1954లో వచ్చిన కొత్త కూటమిలో పాత కంపెనీకి నూటికి నలువది వంతులు దక్కినవి. న్యాయవాది బలమెంతో, ఆ బలము ఎక్కడ ఆగునో రెండును ఈ ఒక్క కథలోనే ఉన్నవి.

అబూదాబీ షేక్‌కును కంపెనీకిని నడుమ నడచిన తగవు ఇట్టిదే, కాని ఫలితము వేరు. 1939లో అరబ్బీలో వ్రాసిన పత్రము ఆయన భూములను, దీవులను, ఆ ప్రాంతపు సముద్రజలమును కంపెనీకి డెబ్బదియైదు ఏండ్లకు ఇచ్చినది. తీరజలమునకు ఆవల నీటి క్రింద సాగిన నేల కూడ అందులో చేరునా? 1951లో మధ్యవర్తి లార్డ్ ఆస్క్విత్ చేరదనెను. 1939లో ఎవరి తలపునను లేని హక్కును ఆ మాటలలో చొప్పించరాదన్నది ఆయన తర్కము. మూడు మైళ్ల జలము క్రింది నేల కంపెనీకి దక్కగా, ఆవలిది షేక్‌కు మిగిలినది. అబూదాబీకి స్థిరమైన న్యాయసూత్రములే లేవని ఆయన తీర్పులో వ్రాసిన మాట మాత్రము నేటికిని చదువువారికి ముల్లువలె గుచ్చుకొనును.

ఇవి రాజుల తగవులు. ఈ న్యాయశాస్త్రమే మన గోదావరి సీమలో కొబ్బరితోటల నడుమకును వచ్చినది. కోనసీమలో వాయువు వెలువడిన నాటినుండి పొలముల క్రింద గొట్టములు సాగుచున్నవి. వాటికి ఆధారము 1962 నాటి పెట్రోలియం గొట్టపు మార్గముల చట్టము. ఈ చట్టము భూమిని తీసికొనదు. అందులో ‘వాడుక హక్కు’ను మాత్రమే తీసికొనును. భూమి రైతుదే. దున్నుకొనవచ్చును, కోసికొనవచ్చును. కాని గొట్టము పోవు మేరలో ఇల్లు కట్టరాదు, చెరువు గాని నూయి గాని త్రవ్వరాదు, చెట్టు నాటరాదు. కొట్టిన చెట్లకు, పాడైన పంటకు నష్టపరిహారము వేరుగా ఉన్నది. వాడుక హక్కుకు మాత్రము ఆ భూమి మార్కెటు విలువలో నూటికి పది వంతులు.

వరిచేనికి ఈ లెక్క కొంత సరిపోవును. మరుసటి యేడు మరల ఊడ్చుకొనవచ్చును. కొబ్బరితోటకు సరిపోదు. చెట్టు నాటరాదన్న తరువాత అది తోట యెట్లగును? ఒకే చట్టము, అదే పదవ వంతు, ఒక రైతుకు అసౌకర్యము, మరియొకనికి జీవనాధారముపై వేటు. 2014 జూన్ 27న నగరము గ్రామమున గొట్టము పగిలి మంటలు లేచి ఇరువదిమందికి పైగా మరణించిన తరువాత, ఆ గొట్టము ప్రక్కన కాపురముండుట కూడ ఆ పది వంతులలోనే చేరినదా అని అడుగు హక్కు అక్కడివారికి లేకపోలేదు.

ఇచ్చట కంపెనీ వకీలు చేయు పని చిన్నది కాదు. ఊరూర అడంగళ్లు చూచి, సర్వే నంబర్లు సరిపోల్చి, గెజిట్ ప్రకటనలో ఒక్క నంబరు తప్పిపోకుండ కాచుకొనును. అందుకు తగిన జీతమును ఉన్నది. రైతు పక్షపు ప్లీడరుకు అట్టి జీతము లేదు. చట్టములోని మాటలే ఆధారము. పది వంతులు యజమానికే కాదు, ఆ భూమి అనుభవపు హక్కు ఏ విధముగనైనను దెబ్బతిన్న ఇతరులకును ఇయ్యవలెనని ఆ చట్టమే చెప్పుచున్నది. కాగితము లేని కౌలురైతు ఆ ‘ఇతరుల’లో చేరునా? చేరునని వాదింపవలసినవాడు ఈ ప్లీడరు. అధికారి కట్టిన మొత్తము చాలదన్నచో జిల్లా జడ్జి యెదుటికి పోవచ్చును. అసలు గొట్టమే ఈ దారిన వద్దనవలెనన్న, ప్రకటన వెలువడిన ఇరువదియొక్క దినములలో ఆక్షేపణ దాఖలు కావలెను. భూమి విలువ కట్టుటకును ఆ ప్రకటన తేదీయే ప్రమాణము. కావుననే, కాగితము చేత పట్టుకొని మెట్లెక్కి వచ్చిన రైతును తెలిసిన ప్లీడరు మొదట అడుగునది తోట విస్తీర్ణము కాదు, ప్రకటన తేదీ.