స్పీకర్ పెడితే మాట ముక్కలవుతోందా?
స్పీకర్ పెట్టగానే అవతలివాళ్లు ‘హలో.. హలో’ అంటున్నారా? వెంటనే సిగ్నల్‌ని తిట్టకండి.

స్టీల్‌ప్లాంట్‌లో రిటైరైన మా నాన్నకి వినికిడి తగ్గింది, స్పీకర్ పెట్టే మాట్లాడతారు. గాజువాక నుంచి ఆయన గొంతు ముక్కలు ముక్కలుగా వచ్చేది. నేను మాటిమాటికీ ‘వినపడట్లేదు’ అంటుంటే విసుక్కుంటున్నా అనుకుని, ఫోన్ చేయడమే తగ్గించేశారు!

చాలా ఫోన్లలో పై అంచున సూదిమొనంత రంధ్రం వెనక రెండో మైక్ ఉంటుంది. స్పీకర్ మోత తిరిగి అవతలికి పోకుండా వడకట్టడానికి ఇదీ సాయపడుతుంది. అది మూసుకుపోతే సాఫ్ట్‌వేర్ మన మాటనే మోత అనుకుని కోసేయొచ్చు. నాన్న ఫోన్‌కి అడ్డుపడింది కొత్త పౌచే.

వాయిస్ రికార్డర్‌లో బాగుండి, వీడియోలో గొంతు మూసుకుపోయినట్టుంటే పై మైక్‌ని అనుమానించండి. పౌచ్ తీసి, పొడి మెత్తటి బ్రష్‌తో దులపండి. ఆర్కే బీచ్ ఇసుకైనా అంతే. పిన్ను మాత్రం గుచ్చకండి, మైక్ పాడైతే సర్వీస్ సెంటరే గతి.