నోటి రాచపుండు: పుట్టుకా? అలవాటా?

“మా తాత చుట్ట మానలేదు, ఎనుబది యేండ్లు బ్రతికెను” అను మాట బాన్సువాడ ప్రాంతపు గ్రామములలో మాకు తరచుగా వినిపించును. నిజాంసాగరు కాలువల క్రింద వరి పండించు రైతులును, ఇండ్లలో బీడీలు చుట్టు స్త్రీలును గల ఈ కామారెడ్డి జిల్లాలో పొగాకు క్రొత్త వస్తువు కాదు. కనుక ఆ మాటలోని నిజానిజములను విచారింతము.

మన శరీరము కోట్లకొలది జీవకణములతో ఏర్పడినది. కణములలో 23 జతల క్రోమోసోములు గలవు. త్రాడు విడిపోకుండ కొనలకు ముడి వేసినట్లు, క్రోమోసోముల కొనలను ‘టెలోమియరు’ కాపాడును. కణము రెండుగా చీలిన ప్రతిసారియు ఈ కొన కొంత తరుగును. మిక్కిలి తరిగినచో కణము చీలుట మానును. దీని రహస్యమును కనుగొన్నందులకు బ్లాక్‌బర్న్, గ్రైడర్, షోస్టాక్ అను శాస్త్రజ్ఞులకు 2009లో నోబెల్ బహుమానము లభించెను.

ఈ కొనల పొడవు కొంతవరకు తల్లిదండ్రుల నుండి వచ్చును. పొడవు హెచ్చైన, చెడిన కణము సయితము చాలకాలము పెరుగుటకు వీలు చిక్కును. పుట్టుకతో పొడవైన కొనలు గలవారికి ఊపిరితిత్తుల క్యాన్సరు అపాయము కొంత హెచ్చని పరిశోధనలు తెలిపినవి. మిక్కిలి పొట్టియైనను క్షేమము కాదు. కొనలు పుట్టుకతోనే పొట్టిగా నుండు డిస్కెరటోసిస్ కంజెనిటా అను అరుదైన వ్యాధిలో నోటి క్యాన్సరు అపాయము చాల హెచ్చు.

మనుమనికి తాత నుండి వచ్చునది సుమారు నాలుగవ వంతు మాత్రమే. కనుక తాతకు రాని వ్యాధి మనుమనికి రాదని చెప్పజాలము.

అలవాటు సంగతి వేరు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరగ్రామములలో చుట్ట మండు కొనను నోటిలోనుంచి కాల్చు ‘అడ్డపొగ’ వాడుక గలదు. దానివలన అంగుటికి క్యాన్సరు వచ్చుచున్నట్లు ఖనోల్కర్, సూర్యాబాయి 1945లోనే వ్రాసిరి. తరువాత శ్రీకాకుళం జిల్లాతోబాటు మూడు జిల్లాలలో 36,000 మంది పొగాకు వాడుకదారులపై జరిగిన పరిశోధన 1986లో వెలువడినది. పొగాకు మానినవారి నోట క్రొత్తగా తెల్లమచ్చలు పుట్టుట తగ్గినదని అందు తేలినది.

నోటిలో తెల్లని, ఎఱ్ఱని మచ్చగాని, రెండు వారములకు మానని పుండుగాని, నోరు తెరచుటకు కష్టముగాని కనిపించినచో ఆలసింపక బాన్సువాడ ప్రభుత్వాసుపత్రిలో చూపించుకొనవలెను. పుట్టుకను మార్చుకొనజాలము, పొగాకును నేడే మానవచ్చును.