జిప్సీ చరిత్ర ఎక్కడ రాసి ఉంటుంది?

మన ట్రెక్కింగ్ బ్యాచ్ ఎప్పుడు కూర్చున్నా మాట చివరికి సెకండ్ హ్యాండ్ జిప్సీ దగ్గరకే వెళ్తుంది. నలుగురం తలా కొంత వేసుకుంటే వచ్చేస్తుంది కదా అని లెక్కలు. కొత్తది దొరకదు. మారుతి దీన్ని 1985లో తెచ్చి, 2018 తర్వాత మామూలు జనానికి అమ్మడం ఆపేసింది. అంటే మన బడ్జెట్‌లో దొరికేది పదిహేనేళ్ళదో, ఇరవై ఏళ్ళదో. అందులో నలుగురు ఎక్కి ఘాట్ రోడ్డు దిగాలంటే పెయింటూ, పెద్ద టైర్లూ చూసి మురిసిపోతే సరిపోదు. అది ఇన్నేళ్ళు ఎలా బతికిందో తెలియాలి.

బ్రిటన్‌లో అయితే ఇది తేలిక. అక్కడ మూడేళ్ళు దాటిన కార్లకు ఏటా ఎంఓటీ అనే పరీక్ష ఉంటుంది. బండి నంబర్ కొడితే చాలు, ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఆ చరిత్ర చూడొచ్చు. ఏ ఏడు పాసైంది, ఏ ఏడు ఎందుకు ఫెయిలైంది, అప్పటికి ఎన్ని మైళ్ళు తిరిగింది, అన్నీ ఉంటాయి. ఇప్పటికి పర్లేదు గానీ ఫలానా చోట తుప్పు మొదలైంది అనే హెచ్చరికలు కూడా. మన సీఎస్ భాషలో చెప్పాలంటే ఏడాదికో కమిట్ ఉన్న గిట్ లాగ్.

మన దగ్గర ఆ లాగ్ దాదాపు ఖాళీ. సొంత వాడకం బండికి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు చెల్లుతుంది. ఆ పదిహేనేళ్ళలో దాని కిందకి వంగి చూడాల్సిన అధికారి ఎవరూ లేరు. ఆ తర్వాతే ఇన్‌స్పెక్షన్ చేసి ఐదేళ్ళకోసారి రెన్యువల్ ఇస్తారు. పసుపు బోర్డు బండ్లకు మాత్రం ఎనిమిదేళ్ళ దాకా రెండేళ్ళకోసారి, తర్వాత ఏటా ఎఫ్‌సీ తప్పదు. "పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది కదా బాబూ" అని అమ్మేవాళ్ళు అంటారు. అది పొగకు సంబంధించిన కాగితం, బ్రేకులకు కాదు.

అందుకే పదిహేనేళ్ళు దాటిన జిప్సీకి నేను మొదట అడిగేది రెన్యువల్ అయిందా అని. "చిన్న పనే, మీరు చేయించుకోండి" అంటే అనుమానించాలి. 2022 ఏప్రిల్ నుంచి కారు రెన్యువల్ ఫీజు 600 నుంచి 5000 రూపాయలకు పెరిగిన మాట నిజమే. కానీ లక్షల్లో బేరం పెట్టినాయన ఆ ఐదు వేల దగ్గర ఆగాడంటే, ఆగింది డబ్బు దగ్గర కాకపోవచ్చు, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దగ్గర కావచ్చు. రెన్యువల్ ఆయనే చేయించాక మిగతా డబ్బు ఇస్తామనడం న్యాయమైన షరతే.

మిగతా చరిత్రని ముక్కలుగా ఏరుకోవాలి. ఎంపరివాహన్‌లో నంబర్ కొడితే ఎన్నో ఓనరు, రిజిస్ట్రేషన్ ఎప్పటి వరకు, ఇన్సూరెన్స్ ఉందా లాంటివి చాలావరకు తెలుస్తాయి. బండి మీద ఫైనాన్స్ కనిపిస్తే ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ లేకుండా ముందుకెళ్ళొద్దు. వేరే రాష్ట్రం బండి అయితే ఫారం 28 ఎన్‌ఓసీ కావాలి, పైగా ఇక్కడ మళ్ళీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. చవగ్గా వచ్చింది అనుకున్న ఢిల్లీ బండి అలాగే చవక కాకుండా పోతుంది.

నాకు బాగా నచ్చిన క్లూ ఇన్సూరెన్స్ పాలసీలో ఉంటుంది. ఫుల్ పాలసీ అయితే అందులో నో క్లెయిమ్ బోనస్ శాతం రాసి ఉంటుంది. క్లెయిమ్ లేకుండా ఒక ఏడాది గడిస్తే 20, వరసగా ఐదేళ్ళు గడిస్తే 50. సున్నా ఉందంటే ఈ మధ్య ఏదో జరిగి ఉండొచ్చు, అడగండి. ఒక తిరకాసు ఉంది: ఈ బోనస్ ఓనరుది, బండిది కాదు. పాత కారు మీద సంపాదించింది ఇక్కడికి తెచ్చుకుని ఉండొచ్చు. కాబట్టి సున్నా ప్రశ్న వేయడానికి పనికొస్తుంది గానీ, యాభై సర్టిఫికెట్ కాదు.

తర్వాత ఆర్‌సీలో ఉన్న ఇంజిన్ నంబర్, ఛాసిస్ నంబర్ బండి మీదవాటితో అక్షరం అక్షరం పోల్చండి. జిప్సీల్లో ఇంజిన్ మార్చేయడం మామూలే. ఆర్‌సీలో ఎక్కించకపోతే రేపు ఆర్‌టీఏలో నిలబడేది మనం. కంపెనీ స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు కూడా 2019లో చెప్పింది. అంటే "ఫుల్లీ మాడిఫైడ్" అనేది ఎక్కువ రేటుకు కారణం కాదు, బేరానికి కారణం.

ఇక అసలు చరిత్ర బండి కిందే ఉంటుంది. జిప్సీది బాడీ వేరు, ఫ్రేమ్ వేరు. బాడీకి టింకరింగ్ చేసి రంగు వేయడం ఎంతసేపు! ఫ్రేమ్ పుచ్చితే మాత్రం కథ ముగిసినట్టే. టార్చ్ తీసుకుని కమాన్ కట్టలు ఫ్రేమ్‌కి బిగించే చోట్లు చూడండి, మ్యాట్లు ఎత్తి ఫ్లోర్ చూడండి. కింద మొత్తం కొత్తగా నల్ల రంగు కొట్టి ఉంటే స్క్రూడ్రైవర్ వెనక భాగంతో తట్టండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు బొద్దుగా పలుకుతుంది. విశాఖ లాంటి సముద్రం పక్క ఊళ్ళో తిరిగిన బండికి ఈ పని రెండుసార్లు చేయాలి. ముందు చక్రాల లోపలివైపు గుండ్రటి నకిల్స్ నుంచి గ్రీజు కారుతుంటే సీళ్ళు పోయినట్టు. యాక్సిల్ హౌసింగ్ ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే అందులోకి నీళ్ళు వెళ్ళాయి, అంటే వాగుల్లో దింపారు.

ఫోర్ వీల్ డ్రైవ్‌ని మట్టి నేల మీదే పరీక్షించండి. జిప్సీకి సెంటర్ డిఫరెన్షియల్ లేదు, పొడి తారు రోడ్డు మీద ఫోర్ వీల్‌లో మలుపు తిప్పితే బిగుసుకుపోతుంది. లో రేంజ్‌లో ఎత్తు ఎక్కుతుంటే లీవర్ దానంతటదే బయటికి రాకూడదు. అరవై డెబ్బై స్పీడులో గుంట తగిలాక స్టీరింగ్ గడగడ వణికితే కింగ్‌పిన్ బేరింగులు అరిగి ఉండొచ్చు.

ఇంజిన్ గురించి నాకు అంత బెంగ లేదు. 1.3 లీటర్ పెట్రోల్ ఇంజిన్ ఎస్టీమ్‌లో ఉన్న కుటుంబానిదే, పాత మెకానిక్‌లకు కొట్టిన పిండి. అయినా పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్ళి స్టార్ట్ చేయించండి. మీరు చేరేసరికే బానెట్ వేడిగా ఉంటే ముందే ఎందుకు స్టార్ట్ చేశారో అడగండి, చల్లారేదాకా టీ తాగుతూ కూర్చోండి.