నూనె ‘ముక్కింది’ అంటే ఏమిటి?



పండుగకు జంతికలు, అరిసెలు వండాక బాణలిలో మిగిలిన నూనెను వడకట్టి దాచుకోవడం మన ఇళ్ళలో మామూలే. కొన్ని వారాల తర్వాత మూత తీస్తే ఒక రకమైన ఘాటు వాసన వస్తుంది. “నూనె ముక్కింది” అంటాము. “బాగా కాచితే ఆ వాసన పోతుంది కదా?” అని చాలామంది మమ్మల్ని అడుగుతుంటారు. పోదు. ఎందుకో చూద్దాం.

అన్నం పాచిపోవడానికి కారణం సూక్ష్మక్రిములు. నూనె ముక్కడానికి ముఖ్య కారణం గాలి. గాలిలోని ఆక్సిజన్ నూనెతో కలిసి కొత్త పదార్థాలను పుట్టిస్తుంది. ఆ వాసన వాటిదే. వెలుతురు, వేడి ఈ మార్పును త్వరపరుస్తాయి. కాబట్టి కాచినకొద్దీ నూనె ఇంకా చెడుతుందే గాని బాగుపడదు. వెన్న, నెయ్యి తడి తగిలినా పాడవుతాయి. నెయ్యిలో తడి చెంచా పెట్టవద్దని పెద్దలు చెప్పేది అందుకే.

ముక్కిన నూనె పొరపాటున ఒకసారి తింటే భయపడనక్కరలేదు. కాని అలవాటుగా వాడకూడదు. అందులోని ఎ, ఇ విటమిన్లు నశిస్తాయి. మళ్ళీ మళ్ళీ కాచిన నూనెలో పేరుకునే పదార్థాలు గుండెకు, రక్తనాళాలకు మంచివి కావు. అటువంటి పదార్థాలు 25 శాతం దాటిన నూనెను వంటకు వాడరాదని మన దేశంలో 2018 జూలై 1 నుండి నియమం ఉంది. వాటిని కొలిచే సాధనం ఇంట్లో ఉండదు గనుక రంగును, వాసనను గమనించాలి. వయసు మళ్ళినవారికి, జలుబు చేసినవారికి వాసన సరిగా తెలియదు. అటువంటప్పుడు ఇంట్లో మరొకరిని వాసన చూడమనండి.

ఈ జాగ్రత్తలు పాటించండి:

1. నెలకు సరిపడా నూనె మాత్రమే కొనండి. మూత గట్టిగా బిగించి, పొయ్యికి, ఎండకు దూరంగా ఉంచండి.

2. వేయించగా మిగిలిన నూనెను ఒకటి రెండు రోజులలో తాలింపులకు, కూరలకు వాడి ముగించండి.

3. పాత నూనెలో కొత్త నూనె కలపవద్దు.

4. నల్లబడినా, చిక్కబడినా, త్వరగా పొగ వస్తున్నా, ముక్కవాసన వేసినా ఆ నూనె వాడవద్దు.

నూనె ఖరీదైనది. పారబోయడానికి ఎవరికీ మనసొప్పదు. అందుకే ఈసారి పిండివంటలకు బాణలి నిండా పోయకుండా, చిన్న బాణలిలో కొద్దికొద్దిగా పోసుకుంటూ వేయించండి. మిగిలేది తక్కువైతే దాచే అవసరమే ఉండదు.