ఆపియం 2కి మారాక టెస్టులు స్లో అయ్యాయా? ముందు ఈ ఒక్క సెట్టింగ్ చూడండి

ఫోన్‌లో యాప్ అప్‌డేట్ రాగానే ఇన్‌స్టాల్ చేసేస్తాం. అది మన దాకా వచ్చే ముందు ప్రతి బటన్‌నీ నొక్కి చూసే పనిలో చాలా భాగం ఆటోమేషన్ టూల్స్‌దే. వాటిలో బాగా పాపులర్ అయినది ఆపియం. 2023లో వచ్చిన ఆపియం 2లో డ్రైవర్లు మెయిన్ టూల్ నుంచి విడిపోయాయి. అంటే ఆండ్రాయిడ్ కోసం యూఐఆటోమేటర్2 డ్రైవర్‌ని విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి.

మా టీమ్ దీనికి మారాక టెస్టులన్నీ పాస్ అయ్యాయి. కానీ గంటలో అయ్యే రన్‌కి మూడు గంటలు పట్టింది. సాయంత్రం రిలీజ్ ఉంటే, మధ్యాహ్నం దొరికిన బగ్‌ని ఫిక్స్ చేసి మళ్లీ టెస్ట్ చేసే టైమే లేదు. పాత వెర్షన్‌కి వెళ్లిపోదామనే మాట కూడా వచ్చింది. నేను ముందు సర్వర్ లాగ్ తెరిచాను.

ఆపియం లాగ్‌లో ప్రతి రెస్పాన్స్ లైన్ పక్కన ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో ఉంటుంది. హోమ్ స్క్రీన్‌లో ఎలిమెంట్ వెతికిన ప్రతిసారీ అది 10,000 దాటింది. మిగతా స్క్రీన్లలో మామూలుగానే ఉంది. గుట్టు ఇక్కడే దొరికింది.

యూఐఆటోమేటర్ ఏదైనా వెతికే ముందు స్క్రీన్ కుదురుకునే దాకా ఆగుతుంది. అర సెకను పాటు ఏ కదలికా లేకపోతే సరే అనుకుంటుంది. మా హోమ్ స్క్రీన్‌లో ఆఫర్ల బ్యానర్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. అందుకే ప్రతిసారీ గరిష్ఠ టైమ్ దాకా ఎదురుచూస్తోంది. ఆ టైమ్‌ని 'వెయిట్‌ఫర్‌ఐడిల్‌టైమౌట్' సెట్టింగ్ నిర్ణయిస్తుంది. డిఫాల్ట్‌గా 10 సెకన్లు. ఆ స్క్రీన్‌లో 12 ఎలిమెంట్లు వెతికితే 2 నిమిషాలు ఊరికే పోయినట్టే!

మరి పాత సెటప్‌లో ఎందుకు రాలేదు? అందులో ఈ విలువ తగ్గించి ఉంది. ఇలాంటి సెట్టింగ్స్ సెషన్‌తో పాటే పోతాయి కాబట్టి, కొత్త కాన్ఫిగ్‌లో మళ్లీ రాయకపోతే టూల్ డిఫాల్ట్ తీసుకుంటుంది.

మీరు చేయాల్సింది: సెషన్ మొదలవగానే ఈ విలువను 100 మిల్లీసెకన్ల లాంటి చిన్న నంబర్‌కి మార్చండి. సున్నా పెడితే అసలు ఆగదు. కానీ ఒక జాగ్రత్త. స్క్రీన్ లోడ్ కాకముందే టెస్ట్ పరిగెత్తి, ఒకసారి పాస్, ఒకసారి ఫెయిల్ అవ్వొచ్చు. అందుకే "ఈ బటన్ కనిపించే దాకా ఆగు" అనే ఎక్స్‌ప్లిసిట్ వెయిట్స్ అవసరమైన చోట పెట్టుకోండి. పొడవాటి ఎక్స్‌పాత్ బదులు ఐడీతో వెతికితే ఇంకాస్త టైమ్ కలిసొస్తుంది.

వెర్షన్ వెనక్కి తిప్పే ముందు లాగ్‌లో ఆ మిల్లీసెకన్లు ఒకసారి చూడండి. అన్ని స్క్రీన్లూ స్లో అయితే కారణం వేరే. ఒక్క స్క్రీనే స్లో అయితే, అక్కడ కదులుతున్నది ఏంటో వెతకండి.