తుఫాను వేళ తవక్కుల్

నవంబరు, డిసెంబరు నెలలు వచ్చాయంటే మన తీరానికి పరీక్షా కాలమే. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన వేలాది ప్రాణాలను బలిగొన్నది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల సమీపంలో తీరం దాటింది.

హెచ్చరిక వెలువడినా కొన్ని ఇళ్లలో పెద్దలు, “అల్లాహ్ రాసిందే జరుగుతుంది” అంటూ గడప దాటరు. పర్దాకు భంగమని స్త్రీలు పునరావాస కేంద్రానికి వెళ్లడానికి జంకుతారు. ఇది తవక్కుల్ కాదని మేము స్పష్టంగా చెప్పదలచాము. ముందు ఒంటెను కట్టి, ఆపైన అల్లాహ్‌పై భారం వేయమన్నది దైవప్రవక్త (స) బోధ.

వాన కురిసిన ఒక జుమా నాడు హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి), ఇళ్లలోనే నమాజు చేసుకోండని ప్రకటించమని ముఅజ్జిన్‌ను ఆదేశించారు. జనం విస్తుపోగా, తనకన్నా ఉత్తములైనవారే అలా చేశారని బదులిచ్చారు. బురదలో నడిచే ఇబ్బందికే సడలింపునిచ్చిన ధర్మం, ఉప్పెనకు ఎదురుగా కూర్చోమంటుందా?

కనుక హెచ్చరిక రాగానే మస్జిద్ మైకులో ఊరంతటికీ చాటుదాం. కేంద్రంలో స్త్రీలకు వేరుగా చోటు, తెర ముందే ఏర్పాటు చేద్దాం. మస్జిద్, మదరసా పక్కా భవనాలై, మెరకన ఉంటే, మతం అడగకుండా పొరుగువారందరికీ తలుపులు తెరుద్దాం. గాలి హఠాత్తుగా ఆగితే తుఫాను వెళ్లిపోయిందనుకోరాదు. అది తుఫాను కన్ను కావచ్చు, గాలి ఎదురు దిక్కునుంచి మళ్లీ విరుచుకుపడుతుంది.

గాలిలోని మేలును కోరుతూ, కీడునుంచి శరణు వేడుతూ దువా చేద్దాం. ఆ దువా సురక్షిత స్థలానికి చేరి చేద్దాం.